అరవై దాటాక వచ్చిన పిలుపు

మీ ప్రశ్న, నా మాట

హైదరాబాదులో నేనూ మా వారూ సీనియర్ మిషనరీలుగా 18 నెలలు చేసిన సేవ గురించి పోయిన సంచికలో నాలుగు ముక్కలు రాశాను. ఈసారి వచ్చిన ఉత్తరాలు ఎక్కువగా దాని మీదే. మా సంఘం గురించి తెలియనివాళ్ళు కూడా రాశారు గనక ముందు రెండు మాటలు. మాది యేసు క్రీస్తు యొక్క కడవరి దిన పరిశుద్ధుల సంఘం. మా స్థానిక సంఘాల్లో జీతం తీసుకునే పాస్టర్లు ఉండరు, ఉద్యోగాలు చేసుకునేవాళ్ళే పెద్దలుగా ఉంటారు. తెల్ల చొక్కా, నల్ల బ్యాడ్జీతో జంటగా నడిచి వెళ్ళే కుర్రాళ్ళను మీరు చూసే ఉంటారు. వాళ్ళు రెండేళ్ళ పాటు జీతం లేకుండా సేవ చేస్తారు. వయసొచ్చిన మాలాంటివాళ్ళకూ అలాంటి పిలుపు ఉంటుంది. మాకు అప్పగించిన పని యవ్వనస్థుల కూడిక. 18 నుంచి 35 ఏళ్ళ మధ్య ఉండి పెళ్ళికాని పిల్లలు వారంలో రెండు సాయంత్రాలు ఒకచోట చేరతారు. ఆ చోటును చూసుకోవడమే మా సేవ.

ప్రశ్న: వందనాలమ్మా. నాకు 61, మా వారికి 66. ఇద్దరం రిటైరయ్యాం, పిల్లలు స్థిరపడ్డారు. సీనియర్ మిషనరీలుగా వెళ్ళమని మా సంఘం పెద్దలు అడుగుతున్నారు. యవ్వనస్థుల కూడికలో పని ఇవ్వొచ్చట. మాకు బోధించడం రాదు. ఇంగ్లీషు అంతంతమాత్రం. ఈ కాలం పిల్లలతో ఏం మాట్లాడాలో అసలే తెలియదు. మేం వెళ్ళి ఏం చేస్తాం?
- ఒక సోదరి, విశాఖపట్నం

జవాబు: వెళ్ళండమ్మా.

మీ ఉత్తరం చదువుతుంటే రాజమండ్రి స్టేషన్లో రెండు సూట్‌కేసులు పెట్టుకుని నిలబడ్డ రాత్రి గుర్తొచ్చింది. మాకూ ఇవే భయాలు. మా వారు నీటిపారుదల శాఖలో 30 ఏళ్ళు పనిచేసిన మనిషి, అవసరమైతే తప్ప నోరు విప్పరు. నేను తెలుగు టీచర్ని. నా సూట్‌కేసులో సగం పుస్తకాలే, పాఠం చెప్పకుండా ఎలా ఉంటాననుకున్నాను.

మొదటి నెలంతా చెప్పాను కూడా. పిల్లలు మర్యాదగా విన్నారు, తలలూపారు, తొమ్మిదయ్యేసరికి చెప్పులేసుకుని వెళ్ళిపోయారు. ఒక్కరైనా నా దగ్గర ఆగి ఒక మాట చెప్పలేదు. పొద్దుట లేచింది మొదలు వాళ్ళకు ఎవరో ఒకరు చెబుతూనే ఉంటారు. ఆఫీసులో టీమ్ లీడరు చెబుతాడు, ఫోన్లో నాన్న చెబుతాడు, హాస్టల్లో వార్డెను చెబుతుంది. సాయంత్రం మన దగ్గరకొస్తే మనమూ చెప్పడానికే కూర్చుంటే, ఆ పిల్లలు తమది ఎప్పుడు చెప్పుకుంటారు? ఇది నాకు అర్థమయ్యేటప్పటికి రెండు నెలలు పట్టింది. నేర్పినవాడు ఒక అబ్బాయి.

కర్నూలు వైపు పిల్లవాడు. అమీర్‌పేటలో హాస్టలు. రాగానే వెనక వరసలో కూర్చునేవాడు. భోజనాలయ్యాక ఎవరూ అడక్కుండానే వంటగదిలోకి వచ్చి, చేతులు మడిచి, ప్లేట్లు తోమేవాడు. నేను పక్కన నిలబడి తుడిచేదాన్ని. మూడు సోమవారాలు అలా గడిచాయి. వాడు మాట్లాడలేదు, ఎందుకో నేనూ మాట్లాడించలేదు. నాలుగో సోమవారం పెద్ద వాన, వచ్చినవాళ్ళు తక్కువ. గోధుమరవ్వ ఉప్మా గిన్నె అడుగంటింది. వాడు పీచు పెట్టి ఆ మాడు గీకుతూ, నా వైపు చూడకుండానే అన్నాడు: "ఆంటీ, నా ఉద్యోగం పోయి రెండు నెలలైంది. ఇంట్లో చెప్పలేదు." ఒకటో తారీకు రాగానే అప్పుచేసి ఇంటికి డబ్బు పంపుతున్నాడట, అనుమానం రాకుండా.

నా నోటి దాకా పది సలహాలు వచ్చాయి. ఆ క్షణంలో దేవుడే నన్ను ఆపాడని నమ్ముతాను. "ఎంతయింది నాన్నా అప్పు?" అని మాత్రం అడిగాను. వాడు అంకె చెప్పాడు. చెప్పాక కూడా గిన్నె గీకుతూనే ఉన్నాడు. మాడు ఎప్పుడో పోయింది, గిన్నె తళతళలాడుతోంది, అయినా చెయ్యి ఆపలేదు. నేను పీచు తీసుకుని కుళాయి కట్టేశాను. మా వారిని పిలిచాను. ఆయన వాడిని పక్కన కూర్చోబెట్టుకుని, ఎవరికి ఎంత ఇవ్వాలో ఒక్కొక్కటే రూళ్ళ కాగితం మీద రాయించారు. ఆ రాత్రి వాడు వరండాలో నిలబడి వాళ్ళ నాన్నకు ఫోన్ చేశాడు. మా వారు మెట్ల మీద, మాటలు వినపడనంత దూరంలో, వాడికి కనిపించేలా కూర్చున్నారు. ఉద్యోగం దొరకడానికి ఇంకో నాలుగు నెలలు పట్టింది. వాడు అబద్ధం మోయాల్సిన పని మాత్రం ఆ రాత్రితో తీరింది.

మీరు అడిగారే, వెళ్ళి ఏం చేస్తామని? ఇదే చేస్తారు. వారం వారం అదే చోట, అదే వేళకు ఉంటారు. ఎవరు ఏ సోమవారం నోరు విప్పుతారో మనకు తెలియదు. తెలియదు గనకే ఒక్క సోమవారమూ మానకూడదు.

రోజువారీ పని అడిగారు గనక చెబుతాను. ఐదున్నరకల్లా తలుపు తీసి, ఫ్యాన్లు వేసి, కుర్చీలు గుండ్రంగా వేసుకోవాలి. వరసలుగా వేస్తే క్లాసు అయిపోతుంది. లోపలికి వస్తున్నవాళ్ళను పేరు పెట్టి పిలవాలి. మా వారు ఒక చిన్న నోటుబుక్కు జేబులో పెట్టుకునేవారు. ఎవరిది ఏ ఊరు, ఎవరికి ఏ రోజు ఇంటర్వ్యూ, ఎవరి అమ్మకు ఎప్పుడు ఆపరేషను, అన్నీ అందులో ఉండేవి. ఆయన మాట్లాడేది తక్కువే. కానీ గురువారం ఇంటర్వ్యూ ఇచ్చిన పిల్ల సోమవారం గుమ్మంలో అడుగుపెట్టగానే "ఏమైందమ్మా?" అని అడిగేవారు. ఆ ఒక్క ప్రశ్నకు కళ్ళనీళ్ళు పెట్టుకున్నవాళ్ళు ఉన్నారు.

సోమవారం గృహ సాయంకాలం. ఒక పాట, ఒక ప్రార్థన, చిన్న వాక్యం, ఆట, భోజనం. ఇంకో రోజు ఇన్‌స్టిట్యూట్ తరగతి, అంటే లేఖనాల చదువు. దాన్ని నడిపేవాళ్ళు వేరే ఉంటారు. మిమ్మల్ని అడిగితే చెప్పండి, అడక్కపోతే వెనక కూర్చుని వినండి. ఇంగ్లీషు గురించి దిగులొద్దు. మా దగ్గర ముగ్గురు పిల్లలు మా సంఘం నడిపే బీవైయూ పాత్‌వేలో ఆన్‌లైన్ చదువు చదివేవారు, అదంతా ఇంగ్లీషే. అందులో నల్గొండ అమ్మాయి ఒకతి తన వ్యాసం నాకు గట్టిగా చదివి వినిపించేది. నాకు అర్థంకాని చోట ఆపి "ఇదేమిటమ్మా?" అనేదాన్ని. నాకు తెలుగులో విడమర్చి చెప్పబోతూ, తనకే ఎక్కడ తేటపడలేదో పట్టుకునేది.

కొన్ని హద్దులు మాత్రం మొదటిరోజు నుంచే పెట్టుకోండి. ఏ అబ్బాయితోగానీ అమ్మాయితోగానీ తలుపేసిన గదిలో ఒంటరిగా కూర్చోవద్దు. అప్పు ఇవ్వొద్దు. మనసు ఎంత కరిగినా ఇవ్వొద్దు, ఇచ్చిన రోజు నుంచి ఆ పిల్లలు మన ముఖం చూడలేరు. తప్పు చేశామని ఒప్పుకోడానికి వస్తే విని, బిషప్ (మా స్థానిక సంఘానికి పెద్ద) దగ్గరకు తోడు వెళ్ళండి. తీర్పు చెప్పడం మన పని కాదు. ఎవరైనా "బతకాలని లేదు" అంటే ప్రార్థన చేసి పంపేయొద్దు. పక్కనే కూర్చుని టెలీ మానస్ 14416కు ఫోన్ కలపండి. ప్రభుత్వం నడిపే ఉచిత సేవ అది, తెలుగులో మాట్లాడతారు. ఇంట్లోవాళ్ళకు తెలిసేదాకా, వైద్యం అందేదాకా వదలొద్దు. నేను 18 నెలల్లో రెండుసార్లు ఆ నంబరు కలపాల్సి వచ్చింది.

బోధించడం రాదన్నారు. మన తెలుగువాళ్ళకు ఈ సంఘాన్ని తెచ్చింది కూడా ఒక సంసారి జంటేనమ్మా. ఎడ్విన్ ధర్మరాజు గారు సమోవా దీవుల్లో కీటక శాస్త్రవేత్తగా ఉద్యోగం చేస్తూ అక్కడ సంఘంలో చేరారు. ఆయనా, భార్య ఎల్సీ గారూ 1978 డిసెంబరులో ప్రత్యేక మిషనరీలుగా హైదరాబాదు వచ్చారు. వాళ్ళు సొంత బంధువుల ఇళ్ళకు వెళ్ళి కూర్చున్నారు. బైబిలుతో పాటు మేం లేఖనంగా చదివే మోర్మన్ గ్రంథంలోని భాగాలను తెలుగు చేసింది కూడా ఎల్సీ గారి తండ్రే, ఆయన బాప్టిస్టు బోధకుడు. 2012 మేలో హైదరాబాదులో స్టేకు ఏర్పడింది. కొన్ని స్థానిక సంఘాలు కలిసిన మండలాన్ని స్టేకు అంటాం, భారతదేశంలో అదే మొదటిది. దాని మొదళ్ళలో ఉన్నది బంధువుల ఇంట్లో చాప మీద కూర్చుని చెప్పిన మాటలే.

ప్రశ్న: మేం తరతరాలుగా లూథరన్లం. మా అమ్మాయికి 23. హైదరాబాదులో ఉద్యోగం. స్నేహితురాలి వెంట సోమవారాలు మీలాంటివాళ్ళ కూడికకు వెళ్తోందని ఈమధ్యే తెలిసింది. పిల్లను మా నుంచి విడదీస్తారేమోనని నిద్ర పట్టడం లేదు. మీరైనా నిజం చెప్పండి.
- ఒక తల్లి, గుంటూరు

జవాబు: నిజమే చెబుతానమ్మా. మేం మిషనరీలం. మా విశ్వాసం మాకు ప్రాణం, అడిగినవాళ్ళకు దాచకుండా చెబుతాం. మీ అమ్మాయి అడిగితే తనకూ చెబుతారు. వినడం, వినకపోవడం తన ఇష్టం. ఆ కూడికకు మా సంఘంలో లేని పిల్లలూ వస్తారు, ఏళ్ళ తరబడి వచ్చి తమ సొంత సంఘంలోనే కొనసాగినవాళ్ళూ ఉన్నారు. మా దగ్గర 18 నిండనివాళ్ళకు తల్లిదండ్రుల అనుమతి లేకుండా బాప్తిస్మం ఇవ్వరు. మీ అమ్మాయికి ఆ వయసు దాటింది కాబట్టి ఆ నియమం మీకు ధైర్యాన్ని ఇవ్వదని నాకు తెలుసు. అందుకే నియమాలు పక్కనపెట్టి నా సంగతి చెబుతాను.

నేను పుట్టింది లూథరన్ ఇంట్లోనే. చిన్నప్పుడు మా ఊళ్ళో హయ్యర్ అయ్యగారి గురించి కథలు కథలుగా చెప్పేవారు. 1842లో అమెరికా నుంచి మీ గుంటూరుకు వచ్చిన లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యరే. ముసలితనంలో అమెరికా వెళ్ళిపోయి హాయిగా ఉండాల్సిన మనిషి, రాజమండ్రిలో మిషను పని వేరేవాళ్ళ చేతికి పోబోతోందని తెలిసి 1869లో మళ్ళీ ఓడెక్కి వచ్చారు. అప్పటికి ఆయనకు 76 ఏళ్ళు. నాకు తెలిసిన మొదటి సీనియర్ మిషనరీ ఆయనే. నల్ల బ్యాడ్జీ పెట్టుకున్న రోజు నాకు ఆయనే గుర్తొచ్చారు, ఆ రుణం నేను మరిచిపోలేదు.

నేను ఈ సంఘంలోకి మారినప్పుడు మా అమ్మ నాతో నాలుగు నెలలు సరిగా మాట్లాడలేదు. అమ్మది తప్పని చాలాకాలం అనుకున్నాను. తప్పు నాది. మనసులో ప్రశ్నలు తిరుగుతున్న రోజుల్లో ఒక్కసారీ ఆమెతో చెప్పలేదు. అంతా అయిపోయాక తెలియజేశాను. అమ్మను అంతగా గాయపరిచింది నేను దాచడమే. ఆ మాట ఆమే తర్వాత చెప్పింది, పోయే ముందు ఏడాది.

అందుకని మీకు ఒక్కటే చెప్పగలను. మీ అమ్మాయి దాచాల్సిన అవసరం రాకుండా చూసుకోండి. సోమవారం రాత్రి తొమ్మిదిన్నరకు ఫోన్ చేసి "ఇవాళ ఏం పెట్టారే, ఏ పాట పాడారు?" అని అడగండి. ఈసారి హైదరాబాదు వెళ్ళినప్పుడు తనతో పాటు ఆ కూడికకు వెళ్ళండి. అక్కడి దంపతులతో మీ భయాన్ని మీ నోటితోనే చెప్పండి. మా దగ్గరకు అలా ముగ్గురు తల్లులు వచ్చారు. ఒకామె గంటసేపు నన్ను నిలదీసింది. నేను జవాబులు చెప్పాను. ఆమెకు నచ్చలేదు. వెళ్ళేటప్పుడు మాత్రం, "మా పిల్ల సరిగా తినదు, కాస్త చూడండి" అంది.

ఇలాంటి కూడికలు ఎందుకు పుట్టాయో కూడా తెలుసుకోండి. ఇన్‌స్టిట్యూట్ తరగతి 1926లో అమెరికాలో, ఐడహో రాష్ట్రంలోని మాస్కో అనే యూనివర్సిటీ ఊళ్ళో మొదలైంది, చదువు కోసం ఇల్లు విడిచి వచ్చిన పిల్లల కోసం. మీ అమ్మాయి హాస్టలు గదిలో సోమవారం సాయంత్రం ఎలా ఉంటుందో ఒకసారి ఊహించుకోండి. తను ఎందుకు వెళ్తోందో సగం అక్కడే తెలుస్తుంది.

ప్రశ్న: నాకు 28. సంఘంలోనే పుట్టి పెరిగాను. కూడికకు వెళ్తే చాలు, పెద్దవాళ్ళు "మిషన్‌కు ఎందుకు వెళ్ళలేదు? పెళ్ళెప్పుడు?" అంటారు. ఆరు నెలలుగా మానేశాను. మానేశాక సోమవారం వస్తే మాత్రం ఏదో వెలితి.
- ఒక యువకుడు, హైదరాబాదు

జవాబు: బాబూ, నిన్ను అలా అడిగినవాళ్ళ తరఫున నేను క్షమాపణ అడుగుతున్నాను. మాటవరసకు కాదు, నేనూ ఆ తప్పు చేసినదాన్నే.

మా కూడికకు ఒక నర్సమ్మాయి వచ్చేది, 31 ఏళ్ళు. ఒకరోజు భోజనాల దగ్గర, పది మంది ఉండగా, ఆమె ప్లేట్లో పెరుగన్నం వడ్డిస్తూ "మరి నీ పప్పన్నం ఎప్పుడమ్మా?" అన్నాను. ప్రేమతోనే అన్నాను. ఆమె నవ్వింది. ఆ పెరుగన్నం తినలేదు. తర్వాత రెండు నెలలు రాలేదు. కారణం వేరేవాళ్ళు చెబితే తెలిసింది: అంతకు నాలుగు రోజుల ముందే ఒక సంబంధం, కులం దగ్గర తప్పిపోయిందట. నేను హాస్టలుకు వెళ్ళాను. ఆమె కిందికి దిగి వచ్చేదాకా గేటు దగ్గర నిలబడ్డాను. "తప్పు మాట్లాడాను తల్లీ" అన్నాను. అంతే, ఇంకేమీ అనలేదు. ఆమె "సరే ఆంటీ" అంది. మూడు వారాల తర్వాత వచ్చింది. ఆ తర్వాత నేను ఏ పిల్లనూ, ఏ పిల్లవాణ్ణీ పెళ్ళి గురించి అడగలేదు. వాళ్ళే ఎత్తితే గంటలు గంటలు కూర్చున్నాను.

ఇక మిషన్ మాట. కుర్రాళ్ళ మిషన్ 25 దాటితే ఉండదు. నీకు 28. ఇప్పుడా ప్రశ్న అడిగేవాళ్ళు జరిగిపోయినదాన్ని అడుగుతున్నారు. ఎందుకు వెళ్ళలేదో నువ్వు ఎవరికీ సంజాయిషీ చెప్పుకోనక్కర్లేదు. ఇంట్లో బాధ్యత కావచ్చు, సందేహం కావచ్చు, భయం కావచ్చు. ప్రభువుకు చెప్పుకున్నావా, చాలు.

వెలితి ఉందన్నావు. ఆ మాట పట్టుకో. వచ్చే సోమవారం అందరికంటే అరగంట ముందు వెళ్ళు. కుర్చీలు వేసే వేళకు అక్కడ ఆ పెద్ద దంపతులే ఉంటారు. "ఈ రెండు ప్రశ్నలూ నన్ను అడగకండి, అడిగితే రాలేను" అని నేరుగా చెప్పు. మర్యాద తక్కువ అనుకోకు. మాకు ఎవరూ చెప్పకపోతే మాకు తెలియదు బాబూ. తర్వాత కుర్చీలు వేయడానికి ఓ చెయ్యి వెయ్యి.

ప్రశ్న: సీనియర్ మిషన్ ఎన్నాళ్ళు? ఖర్చు ఎవరిది? మనవళ్ళతో మాట్లాడనిస్తారా?
- ఒక విశ్రాంత ఉద్యోగి, రాజమండ్రి

జవాబు: దంపతులకు 6, 12, 18, 23 నెలల్లో ఏదైనా ఎంచుకోవచ్చు. ఖర్చు మనదే. మేం వెళ్ళేముందు రెండేళ్ళ పాటు మా వారి పెన్షన్లోంచి నెల నెలా కొంత పక్కన పెట్టాం. ఇంట్లో మన మీద ఆధారపడ్డ చిన్నపిల్లలు ఉండకూడదు. డాక్టరు, పళ్ళ డాక్టరు ఇద్దరూ చూసి కాగితాలు నింపాలి. బీపీ, షుగరు ఉన్నాయని ఆగిపోకండి, దాచకుండా రాస్తే దాన్నిబట్టే చోటు ఇస్తారు. కుర్రాళ్ళలాగా ఫలానా వేళకే లేవాలి, ఇన్ని గంటలు తిరగాలి అనే లెక్క మనకు ఉండదు. మనవళ్ళతో ఫోన్లో మాట్లాడుకోవచ్చు. మేం శనివారం పొద్దుట వీడియో కాల్ పెట్టుకునేవాళ్ళం.

ప్రశ్న: మీ సంఘంలో టీ, కాఫీ తాగరు కదా. సాయంత్రం పాతిక మంది పిల్లలకు టీ లేకుండా ఏం ఇచ్చేవారు? ఆరా తీస్తున్నాననుకోకండి, మా ఇంట్లోనూ టీ మానేయించాలని చూస్తున్నాను.
- ఒక గృహిణి, తణుకు

జవాబు: అవునమ్మా, జ్ఞాన వాక్యమని మాకు ఒక నియమం. అందులో టీ, కాఫీ, మద్యం, పొగాకు నాలుగూ కూడవు. వాన రోజుల్లో కూడికకు తడిసి వచ్చిన పిల్లల చేతికి వేడిగా ఏదో ఒకటి ఇవ్వకపోతే నా ప్రాణం ఒప్పేది కాదు. రాగిజావ కాచేదాన్ని. పాతిక మందికి ముప్పావు కిలో రాగిపిండి. చన్నీళ్ళలో ఉండలు లేకుండా కలిపి, మరుగుతున్న ఐదు లీటర్ల నీళ్ళలో సన్నగా పోస్తూ తిప్పాలి. చెయ్యి ఆపితే అడుగంటుతుంది. పచ్చివాసన పోయాక దించి, సగం బెల్లంతో, సగం ఉప్పేసి. ఉప్పు జావ గోరువెచ్చగా అయ్యాక పలచటి మజ్జిగ, కాస్త వాము. వేసవిలో నిమ్మకాయ మజ్జిగ, పుట్టినరోజులకు బాదంపాలు. మొదటి వారం బెల్లం జావకే ఎగబడతారు. నెల తిరిగేసరికి ఉప్పు జావ గిన్నే ముందు ఖాళీ అవుతుంది.